నీలిమందు ఊళ్ళో మరచెంబు

నేను ఒక మరచెంబుని. మూతికి మర ఉన్న ఇత్తడి చెంబుని. ఈ కాలం వాళ్ళకి ప్లాస్టిక్ సీసా తప్ప తెలియదు కాబట్టి చెబుతున్నాను: మూత తిప్పి బిగిస్తే, తలకిందులు చేసినా చుక్క కారదు. పుట్టింది ఇత్తడి సామాన్లకి పేరుపడ్డ అజ్జరంలో. నన్ను చేసిన వీరాచారి తుమ్మితే కొలిమి ఆరిపోయేది, దగ్గితే మళ్ళీ అంటుకునేది. నన్ను కొన్న పుల్లేటికుర్తి వారి పెద్దాయన కాశీకి తీసుకువెళ్తే గంగలో జారిపడ్డాను. మొసలి మింగింది. అరగక మూడు రోజులు అవస్థపడి, నాలుగో నాడు అదే రేవులో ఆయన పాదాల దగ్గర కక్కి, దణ్ణం పెట్టి మరీ పోయింది. నమ్మకం లేకపోతే ఆ మొసలినే అడగండి.

పెద్దాయన నుంచి కొడుక్కి, కొడుకు నుంచి మనవడు కోదండపాణికి వచ్చాను. ఈయన కాలవ మీద లాకు సూపర్నెంటు. నలభై ఏళ్ళపాటు నీళ్ళకి తలుపులు తీస్తూ, వేస్తూ రిటైరయ్యాడు. కాలవ నిండా నీళ్ళున్నా ఆయన దాహం మాత్రం నాతోనే తీరాలి. నన్ను తోమి నింపడం ఆయన భార్య రత్నమాణిక్యం పని. ఆయన గుమ్మంలో అడుగు పెట్టేసరికి నేను నిండి ఉండాలి. ఒక్కరోజు తప్పలేదు.

రెండేళ్ళ కిందట ఆవిడకి మతిమరుపు మొదలైంది. ఉప్పు రెండుసార్లు వేసేది. తర్వాత సొంత వీధిలోనే దారి తప్పింది. డాక్టరు మెల్లగా చెప్పాడు: "ముందు తేదీలు పోతాయండి. తర్వాత దారులు, ఆ తర్వాత పేర్లు. మనుషులు ఆఖర్న." కోదండపాణి బయటికి వచ్చి నన్నెత్తి గటగటా తాగి, "మరి నా పేరో?" అన్నాడు. ఎవరిని అడిగాడో ఆయనకే తెలియదు.

అది తెలుసుకునే దారే లేదు. ఆవిడ మొగుడి పేరు పలికే మనిషి కాదు. కాపరానికి వచ్చిన నాడు ఆడపడుచులు గడపకి అడ్డం నిలబడితే ఒక్కసారి అంది, అంతే. ఆ తర్వాత నలభై ఎనిమిదేళ్ళూ "ఏవండీ", "ఇదిగో", "మిమ్మల్నే". ఇప్పుడు గుర్తుండి పలకడం లేదో, గుర్తులేక పలకడం లేదో ఏ డాక్టరు చెబుతాడు?

వంటింట్లో ఒక పాత క్యాలెండరు ఉండేది. గ్రీసు దేశపు దీవి బొమ్మ. కొండ మీద తెల్లటి ఇళ్ళు, నీలం కప్పులు. "ఆ ఊళ్ళో ఎవరో నీలిమందు పారబోశారండీ, ఒక్కసారి చూపించరూ" అనేది ఆవిడ. ఆయన ఆలస్యం చెయ్యకుండా రాజమండ్రి నుంచి వెళ్ళే యాత్రాబృందంలో ఇద్దరి పేర్లూ రాయించాడు. విమానాశ్రయంలో నన్ను బాంబు అనుకుని నలుగురు సిపాయిలు చుట్టుముట్టారు. మర తిప్పి చూస్తే చారెడు శొంఠిపొడి. నలుగురూ తుమ్మారు.

దీవి చేరిన రోజు పొద్దున్నే సముద్రపు ఒడ్డు. ఇసక మీద దొరలూ దొరసానులూ అప్పడాల్లా ఆరుతున్నారు. కోదండపాణికి మాత్రం సముద్రస్నానమంటే స్నానమే. కొంగుముడి వేసుకుని ఇద్దరూ మూడు మునకలు వెయ్యాలి. సంచిలో పసుపూ కుంకుమా తెచ్చుకున్నాడు.

"ఏమేవ్, పంచె కట్టుకుని వస్తాను. ఈ గొడుగు కింద నుంచి కదలకు" అని రాళ్ళ వెనక్కి వెళ్ళాడు.

"నేనేం చిన్నపిల్లనా?" అని ఆవిడ దబాయించింది.

తర్వాత నన్ను ఊపి చూసింది. చప్పుడు లేదు. ఆయన రాగానే నీళ్ళడుగుతాడు కదా! లేచింది. నన్ను చంకన పెట్టుకుని మెట్లెక్కింది. ఆ ఊళ్ళో ఇళ్ళన్నీ ఒక్క తల్లి పిల్లలే. ఏ సందు చూసినా అదే సున్నం, అదే నీలం. నల్లబట్టల ముసలమ్మ ఒకతె నన్ను నింపి, ఆవిడ బుగ్గ నిమిరి పంపింది. నేను నిండాను గానీ, దారి పోయింది.

మధ్యాహ్నానికి రేవు దగ్గర పోలీసు గదిలో తేలాం. పోలీసు పిల్ల తన ఫోన్లో ఏదో మాట్లాడితే అందులోంచి తెలుగు వచ్చింది: "మీ యొక్క భర్త పేరు ఏమి?"

రత్నమాణిక్యం ఫక్కున నవ్వింది. "అమ్మో, దీనికి మన భాష వచ్చే! ఆయన పేరు నేను చెప్పకూడదు తల్లీ."

ఫోను ఆ మాటని ఏమని తిప్పి చెప్పిందో, ఆ పిల్ల మొహం మారిపోయింది. మొగుడు కొడతాడేమోనని ఆవిడ చేతులు తిప్పి చూసింది, దెబ్బలకోసం. గాజులు తప్ప ఏమీ లేవు.

ఆ పిల్ల టీ తేవడానికి వెళ్ళింది. ఒంటరిగా ఉన్నప్పుడు ఆవిడ నన్ను ఒళ్ళోకి లాక్కుంది. నా పొట్ట మీద ఆయన చెక్కించుకున్న పొడి అక్షరాలు రెండున్నాయి, పు.కో. అని. వాటి మీద వేలు పెట్టింది. "కో..." అంది. మళ్ళీ "కో..." అంది. కళ్ళు గట్టిగా మూసుకుంది. పెదాలు కదిలాయి గానీ మాట రాలేదు. ఆవిడ గుండె దడ నా ఇత్తడికి తగిలింది. అప్పుడు తెలిసింది నాకు. ఆవిడది సిగ్గు కాదు.

సాయంత్రానికి కోదండపాణి ఊడిపోతున్న పంచెతో పరుగెత్తుకొచ్చాడు. ఊరంతా వెతికిన కాళ్ళు, నెత్తురు కారుతున్నాయి.

"ఇంతసేపా? ఇదిగో నీళ్ళు" అంది ఆవిడ.

తాగాడు. ఏడుస్తూనే మొత్తం తాగేశాడు. "నా పేరు చెబితే మైకులో పిలిచేవారు కదే! అరగంటలో దొరికేదానివి!"

"చాల్లెండి. మొగుడి పేరు ఎలా చెబుతారూ, సిగ్గులేకుండా?" అని తల వంచుకుంది.

ఆయన మొహం వెలిగిపోయింది. తిరుగు ఓడలో వరసవరసకీ వెళ్ళి చెప్పాడు: "పోలీసులడిగినా నా పేరు చెప్పలేదండీ మా ఆవిడ! అంటే గుర్తున్నట్టే కదా? లేకపోతే తెలీదనేది!" బృందమంతా చప్పట్లు కొట్టింది.

రత్నమాణిక్యం ఆయన్నే చూస్తూ కూర్చుంది. తర్వాత పక్కనున్న సామర్లకోట టీచరమ్మ వైపు వంగింది. "అమ్మాయ్, మావారిని మీరంతా ఏమని పిలుస్తారు?"

"కోదండపాణి గారనేగా పిన్నిగారూ. ఏం?"

"ఏం లేదు. ఊరికే."

మొహం సముద్రం వైపు తిప్పుకుంది. నా మూత విప్పి, మూతికి పెదాలు ఆనించి, "కోదండపాణి" అంది. మళ్ళీ అంది. మూడోసారీ అంది. చప్పున మూత పెట్టి, ఇంక తిరగనంత గట్టిగా మర బిగించి, రెండు చేతులతో గుండెకి అదుముకుంది.

ఓడ సగం దూరం వెళ్ళాక, మూత మెల్లగా విప్పి చెవి పెట్టింది. చాలాసేపు విన్నది.

నేను ఇత్తడిని. నాకు నీళ్ళు దాచడమే వచ్చు.