ఆయన వాచీ పెట్టుకుని

"నేనెటు నిలబడాలి?" అని అడిగాడు మా ఆయన, సింకు ముందుకొచ్చి.

ఆదివారం మధ్యాహ్నం. భోజనాల గిన్నెలన్నీ సింకులో పడున్నాయి. ఫోన్ బియ్యం డబ్బా మీద నిలబెట్టి, జారిపోకుండా వెనక ఉప్పు డబ్బా ఆనించాను. ఇన్నేళ్ళ కాపురంలో ఆయనకి ఆ చోటుతో పరిచయం చేతులు కడుక్కునేంతవరకే. "కుళాయికి ఎదురుగా నిలబడండి చాలు" అన్నాను. నవ్వొచ్చింది గానీ, నవ్వితే అలిగి వెళ్ళిపోతాడని ఆపుకున్నాను. ఆ రోజు ఆయన అవసరం నాకు ఉంది మరి.

ఇదంతా మా పేట లైబ్రేరియన్ గారి పుణ్యం. పేటలో వాళ్ళు తీసిన ఫొటోలు, మూడు నిమిషాల సినిమాలు లైబ్రరీ హాల్లో ప్రదర్శించే పండుగ ఒకటి పెట్టారావిడ. ఎవరైనా తీయొచ్చు, ఫోన్‌తో తీసినా సరే, బాగున్నదానికి బహుమతి కూడా. షరతు ఒక్కటే, చూసినవాళ్ళు ఆశతో ఇంటికెళ్ళాలి. ఆ కాగితం గోడ మీద చూసినప్పటి నుంచి నాకు కాలు నిలవలేదు. నేను పనిచేసేది ఫొటో స్టూడియోలో. ఫొటోలు తీసేది మా ఓనరు, కంప్యూటర్లో వాటికి మెరుగులు దిద్దేది నేను. జనాల మొటిమలు, మచ్చలు, కళ్ళకింద నలుపు తుడిచేయడమే నా ఉద్యోగం. ఆల్బమ్ చూసి ఎవరైనా మెచ్చుకుంటే ఓనరు నావైపు చెయ్యి ఊపి, "మా అమ్మాయి కూడా కాస్త సాయం చేస్తుంటుందిలెండి" అంటాడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నేను చేసేది అక్కడ సాయం. ఏడాదికోసారి నీళ్ళ బాటిల్ తీసి ఫ్రిజ్‌లో పెడితే ఇంట్లో ఆయన చేసేదీ సాయమే. ఈ మాటకి అర్థం ఎవరు రాశారోగానీ, గిన్నె తోమి మాత్రం రాయలేదు. ఒక్కసారైనా, నేను చేసిన పని కింద నా పేరు చూసుకోవాలనిపించింది. అంతే నా కోరిక.

మొదట తీసిన సినిమాలో మనుషులే లేరు. మా సింకు. పొద్దున నిండుతుంది, ఖాళీ అవుతుంది, మళ్ళీ నిండుతుంది. మధ్యలో అప్పుడప్పుడూ నా చేతులు. లైబ్రేరియన్ గారు చివరిదాకా చూసి కళ్ళజోడు తీశారు. "బాగా తీశావమ్మా. కానీ ఇందులో ఆశ ఏది? చూసినవాళ్ళకి నీరసం వస్తుంది." ఆ వెంటనే మెత్తగా, "ఆ సింకు దగ్గర మీవారు నిలబడి ఉంటే ఎంత బాగుండేది" అన్నారు.

ఎంత బాగుండేదో నాకు తెలీదా.

ఇంట్లో చెప్తే అత్తయ్య ముక్కున వేలేసుకున్నారు. "మగాడి చేత అంట్లు తోమించి పేటంతా చూపిస్తావా?" మా ఆయన మాత్రం తెర మీద కనబడతాననేసరికి మెత్తబడ్డాడు. "ఊరుకో అమ్మా, నటనే కదా" అని తల్లికి సర్దిచెప్పి, జుట్టు దువ్వుకుని వచ్చాడు. తడుస్తుందని వాచీ విప్పి అలమరలో పెట్టాడు. ఒక్క గ్లాసు తోమాడు. నురగ గ్లాసు కన్నా మోచేతికే ఎక్కువ అంటింది. ఫోన్ వైపు చూసి నవ్వాడు, నేను చెప్పకుండానే ఇంకోసారి నవ్వాడు. ఇంతలో ఆయనకి ఎవరో ఫోన్ చేస్తే "అయిపోయింది కదా" అంటూ, తడిసిన చొక్కా విప్పి కుర్చీ మీద పడేసి హాల్లోకి వెళ్ళిపోయాడు.

మొహం దొరికింది. తోమే చేతులు దొరకలేదు. పిలిస్తే, "నా మొహం వచ్చింది కదా, ఇంకేం కావాలి?" అన్నాడు అక్కణ్ణుంచే. గిన్నెలు ఎదురుగా అలాగే ఉన్నాయి, ఎటూ తోమాల్సింది నేనే. ఒళ్ళు మండి ఆ చొక్కా తొడుక్కున్నాను. గాజులు తీసి వాచీ పెట్టుకున్నాను, వదులుగా ఉంటే ఇంకాస్త పైకి లాక్కున్నాను. ఫోన్ దగ్గరగా జరిపి, చేతులు మాత్రమే పడేలా పెట్టి, ఆయనలాగా తోమడం మొదలుపెట్టాను. చిత్రమేమిటంటే తొందర రాలేదు. భుజాలు వాటంతటవే వెడల్పయ్యాయి. ఈ పని చేసినందుకు ఎవరో మెచ్చుకోబోతున్నారన్న ధీమా వచ్చింది. మెప్పుంటే గిన్నెలు తోమడమూ తేలికేనని అప్పుడే తెలిసింది. ఆ సుఖంలో ఉండగానే హాల్లోంచి "టీ పెడతావా?" అని కేక. వాచీ విప్పి, టీ పెట్టి ఇచ్చి, మళ్ళీ వాచీ పెట్టుకుని మిగతా గిన్నెలు తోమాను. ఆ చొక్కా నా ఒంటి మీదుందని ఆయన గమనించనే లేదు.

మర్నాడు స్టూడియోలో పని అయ్యాక ముక్కలన్నీ వరసగా అతికించి సినిమా కూర్చాను. కుడి బొటనవేలి మొదట్లో కాలిన మచ్చ తెర మీద స్పష్టంగా కనిపించింది. ఇంటినిండా చుట్టాలున్న రోజున పెనం అంచు తగిలి కాలింది. కుళాయి కింద చెయ్యి పెట్టబోతే అత్తయ్య, "ముందు వాళ్ళకి వడ్డించెయ్యమ్మా, తర్వాత చూసుకుందువుగాని" అన్నారు. వడ్డించేసరికి బొబ్బ ఉబ్బింది. ఎందరి మొహాల మీదో మచ్చలు తుడిచినదాన్ని, ఇది తుడవడం నాకో లెక్కా? మౌస్ పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. చివరికి దాన్నలాగే వదిలేసి కంప్యూటర్ ఆపేశాను. ఎందుకని అడిగితే అప్పుడు చెప్పలేకపోయేదాన్ని. ఇంటికి తెచ్చి చూపిస్తే మా ఆయన, "నా చేతులు ఇంత బాగుంటాయా" అన్నాడు. వేళాకోళమో, నిజంగానే మర్చిపోయాడో ఇప్పటికీ తెలీదు.

పండుగనాడు పొద్దుట్నుంచి కాలుకాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగాను. చీర మార్చాను, మళ్ళీ మొదటిదే కట్టాను. మధ్యాహ్నం గిన్నెల ముందు నిలబడితే చెయ్యి ఆడలేదు. "అంట్లు అలాగే ఉన్నాయే" అన్నారు అత్తయ్య గడప దాటుతూ. "ఉండనివ్వండి" అని తాళం వేశాను.

హాల్లో గోడల నిండా ఫొటోలు. చేతికర్ర పట్టుకుని మళ్ళీ నడుస్తున్న ముసలాయన, వరదలో కొట్టుకుపోయిన బడిని తిరిగి కట్టుకుంటున్న జనం. అన్నీ బాగున్నాయి, నా కంటికే ఒక్కటీ ఆనలేదు. దీపాలార్పి సినిమాలు వేశారు. మాది వచ్చింది. మా ఆయన నవ్వు, ఆ వెంటనే నా చేతులు తెరంత పెద్దవై. ఎవరో చప్పట్లు మొదలెడితే హాలంతా అందుకుంది. చీకట్లో ఎవరో నా కుడిచేతిని పట్టుకున్నారు. అత్తయ్య. ఆవిడ చూపు తెర మీదే ఉంది, వేలు మాత్రం తడుముకుంటూ వచ్చి నా మచ్చ మీద ఆగింది. సినిమా అయిపోయేదాకా ఆ వేలు తీయలేదు. నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. ఇన్నేళ్ళకా అని.

న్యాయనిర్ణేతగా వచ్చిన పెద్ద ఫొటోగ్రాఫరు మైకు అందుకున్నాడు. "మొహం నటిస్తుంది, చేతులు నటించలేవు. ఇవి రోజూ ఈ పని చేసే చేతులు. మొదటి బహుమతి ఈ సినిమాకే. ముందు ఆ చేతులాయన్ని వేదిక మీదకి పిలుద్దాం."

మా ఆయన లేచాడు. ఒక్క క్షణమైనా తటపటాయిస్తాడనుకున్నాను. రెండు చేతులూ ప్యాంటు జేబుల్లో పెట్టుకుని చకచకా ఎక్కేశాడు. "ఇంట్లో మా ఆవిడకి నేను సాయం చేస్తుంటానండీ. చెప్పుకోకూడదుగానీ, అలవాటైపోయింది" అన్నాడు. ఆడవాళ్ళంతా తలలు తిప్పి నన్ను అసూయగా చూశారు. అంత మంచివాడి పెళ్ళాన్ని కదా. తర్వాత నన్నూ పిలిచారు. పక్కన నిలబడగానే ఆయన పెదవి కదపకుండా, "నవ్వుతూ ఉండు చాలు. వచ్చే ఏడాది నేను వంట చేస్తున్నట్టు తీద్దాం" అన్నాడు.

వంట. ఆ ఏప్రనూ నేనే తొడుక్కోవాలి, ఆ చెమటా నేనే తుడుచుకోవాలి. నా పనికి నేనే ఆయన వేషం కట్టుకుంటూ ఎన్నేళ్ళు? తెర కింద నా పేరు పడింది, చూశాను కూడా. నాకెందుకో ఆ పేరు ఇంకెవరిదోలా అనిపించింది.

ముందు వరుసలో ఒకావిడ లేచింది. "మీవారికి ఎలా నేర్పించారో కాస్త చెప్పండి. మా ఇంట్లో కూడా మొదలుపెడతాం."

ఆవిడ మొహంలో నిజంగానే ఆశ ఉంది. దాన్ని చూశాక ఇక నావల్ల కాలేదు. మైకు కుడిచేత్తో అందుకున్నాను, దీపం కిందకి జరిగి చెయ్యి పైకెత్తాను.

"నేర్పించలేదండీ. ఆ చొక్కా, ఆ వాచీ ఈయనవి. చేతులు నావి."

మా ఆయన చేతులు జేబుల్లోంచి బయటికి రాలేదు. లైబ్రేరియన్ గారు కంగారుగా వేదిక దగ్గరికొచ్చి, "అయ్యో, మరి ఇందులో ఆశ ఏదమ్మా?" అన్నారు.

నేను మా ఆయన వైపు తిరిగాను. మైకు దించలేదు.

"ఇంట్లో సింకు నిండా గిన్నెలున్నాయండీ. ఇవాళ నేను తోమి రాలేదు. వెళ్ళాక తోమను కూడా."