తడి గోనెలు

ఆ ఏటి ఎండ ఎండ కాదు, పగబట్టిన మనిషి. పొద్దున్నే వీధిలోకి దిగి, కనిపించిన గోడ మీదల్లా పడి కాల్చేది. మధ్యాహ్నం వేళ ఆ వీధిలో కాస్త చల్లగా ఉండేది ఒక్క పెద్దమ్మ ఇల్లే. అందరూ ఆవిణ్ణి పెద్దమ్మ అనే పిలుస్తారు.

ఆవిడ విద్య అలాంటిది. ఎండ గడప తొక్కకముందే కిటికీలన్నీ మూసేది. లోపలివైపు ప్రతి కిటికీకీ రెండేసి గోనెపట్టాలు కట్టి, బకెట్టూ చెంబూ పట్టుకుని తిరుగుతూ వాటిని తడిపేది. వడగాలికి తలుపు తెరుచుకోకుండా చేతిమందం అడ్డకర్ర వేసేది. చుట్టుపక్కల ఆడవాళ్లు వచ్చి చూసి, మేం పెనం మీద కాపురం చేస్తున్నాం పెద్దమ్మా, నీ కాపురమే కాపురం అనేవారు. గోడలకు చెవులుంటాయంటారు గానీ, ఆ ఇంటి గోడలకు తడి గోనెలే ఉండేవి. లోపల పీక నొక్కినా బయటికి వినపడదు. ఇది మాటవరసకు చెబుతున్నది కాదు.

ఆ చీకట్లోనే మొగుడు ఆవిణ్ణి కొట్టేవాడు. వంకరపోయిన ఎడమ మణికట్టు అతను ఇచ్చిపోయిన ఆస్తే. అతను పోయాడు, పీడ విరగడైందిరా అనుకునేలోగా కొడుకు ఎదిగొచ్చాడు. అచ్చం తండ్రే.

కొడుక్కి రొట్టెల బట్టీలో పని. తెల్లవారుజాము నుంచి నిప్పు ముందు నిలబడి, మధ్యాహ్నానికి ఒళ్లంతా ఉడికిపోయి ఇంటికొచ్చేవాడు. వచ్చేసరికి ఇల్లు చల్లగా ఉండాలి. ఎక్కడైనా వెలుతురు గీత కనిపించిందా, కోడలి పని అయిపోయినట్టే. ఆ పిల్ల నోట్లో నాలుక లేనిది. మరి పెద్దమ్మ ఏం చేసేది? కొడుకు చెయ్యెత్తగానే ఆవిడ చెంబెత్తేది. అటు తిరిగి, ముంచుతూ, పోస్తూ, దెబ్బల చప్పుడు ఆగేదాకా గోనెలు తడుపుతూనే ఉండేది. సిగ్గుమాలిన పని. ఆవిడకీ తెలుసు. తెలిసే తడిపేది.

ఆ రోజు కోడలు ఊపిరాడక వంటగది కిటికీ ఓరగా తీసి, గోనెను జానెడు పక్కకు జరిపింది. కొడుకు వస్తూనే తలుపుకు కర్ర వేసి, తిరిగి చూస్తే నేల మీద ఎండ గీత. అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. జుట్టు పట్టి లాక్కొచ్చి ఆమె ముఖాన్ని గోడకేసి కొట్టాడు. పన్నొకటి ఊడి గచ్చు మీద పడింది. పెద్దమ్మ చెంబు ముంచింది. వాడు కడుపులో తన్నాడు. పెద్దమ్మ గోనె మీద పోసింది. కోడలు పాక్కుంటూ మంచం కిందికి దూరబోయింది. చేతులు చాల్లేదు కాబోలు, వాడు తలుపుకున్న అడ్డకర్ర ఊడబెరికాడు.

ఆ చప్పుడు పెద్దమ్మ మణికట్టు ఎరుగును. ఆవిడ ఇటు తిరిగింది. మొదటి దెబ్బకే కోడలి నెత్తి పగిలి రక్తం కళ్లలోకి కారుతోంది. ఇంకొకటి పడితే పిల్ల దక్కదు. పెద్దమ్మ చూపు తలుపు మీద పడింది. దానికి కర్ర లేదు. లాగితే చాలు, వచ్చేస్తుంది. మొగుడు ఆ కర్రతో కొట్టినన్నాళ్లూ ఆ తలుపు అలాగే ఉందన్నమాట. ఒక్కసారైనా అటు చూసి చావలేదు. ఆవిడకు తన మీద తనకే ఒళ్లు మండిపోయింది.

చెంబు విసిరికొట్టి, తలుపు రెండు రెక్కలూ బార్లా తెరిచింది. పక్క కిటికీ గోనె పట్టి గుంజితే మేకులతో సహా ఊడొచ్చింది. వడగాలీ వెలుతురూ ఒక్కసారిగా లోపల పడ్డాయి. ఎదుటి అరుగు మీద మిషను తొక్కుతున్న దర్జీ కాలు ఆగింది. బండి నీడన పడుకున్న ఇస్త్రీ అతను లేచి కూర్చున్నాడు. ఎత్తిన కర్రతో కొడుకు, వాడి కాళ్ల దగ్గర నెత్తురోడుతూ కోడలు, వీధి మొత్తానికి కనిపించారు.

కొడుకు కళ్లు చికిలించాడు. కర్ర మాత్రం దించలేదు.

“తలుపెయ్యమ్మా, వేడి వస్తోంది.”

“రానీ,” అంది పెద్దమ్మ.

కర్ర ఆవిడ భుజం మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు దర్జీ దాకా వినిపించింది. ఆవిడ గడప మీద అడ్డంగా కూలింది. వాడు తలుపు మూయబోతే రెక్క ఆవిడ డొక్కకు తగిలి ఆగింది. రెక్కను మళ్లీ విసిరికొట్టాడు. మళ్లీ కొట్టాడు. పక్కటెముకలు కలుక్కుమన్నాయి. చస్తే చస్తాను గానీ ఈ తలుపు పడనివ్వను అనుకుని ఆవిడ గడపను కరుచుకుపోయింది.

ఈలోగా వీధిలోవాళ్లొచ్చి పడ్డారు. దర్జీ ఇనుప స్కేలుతో వాడి ముక్కు పగలగొట్టాడు. ఇస్త్రీ అతను కర్ర లాక్కుని దాంతోనే మోకాళ్ల మీద రెండిచ్చాడు. వీధిలోని మగాళ్లంతా తలో చెయ్యీ వేసి వాణ్ణి పోలీసుల దగ్గరికి ఈడ్చుకుపోయారు. ఇంత జరుగుతుంటే మనకు తెలియనే లేదే అని దారి పొడుగునా అనుకున్నారు. వాళ్లకెలా తెలుస్తుంది?

ఇల్లు కొలిమిలా కాగుతోంది. కోడలు గోడకు జారగిలబడి ఉంది. పెద్దమ్మ ఒంటిచేత్తో దేకుతూ వచ్చి, పిల్ల తల కడుగుదామని చెంబు అందుకుని బకెట్‌లో ముంచింది. కోడలు ఉలిక్కిపడి రెండు చేతులూ తలకు అడ్డం పెట్టుకుంది.

“వాడు లేడమ్మా, తీసుకుపోయారు,” అంది పెద్దమ్మ.

“ఆ చెంబు కింద పెట్టండి అత్తయ్యా. ఆయన కొట్టినప్పుడల్లా ఆ చప్పుడే వినేదాన్ని.”

పెద్దమ్మ చెంబు కింద పెట్టింది. తుడవనా అని అడిగింది. కోడలు తలకు అడ్డం పెట్టుకున్న చేతులు దించింది. తర్వాత తల కాస్త ముందుకు వంచింది. ఆ ఎండలోనే కూర్చుని పెద్దమ్మ పొడి కొంగుతో నెత్తురు తుడిచింది.