పదకొండింటికి తెగే లైను

వారంల నాలుగోసారి ఎంకపల్లికొచ్చిండు అంతయ్య. మొయినాబాద్ టెలిఫోన్ ఎక్స్ఛేంజిల లైన్‌మన్‌గ చేరి ఇరవై ఏండ్లాయె. అప్పట్ల ఫోను మోగుతలేదని కంప్లయింటొస్తే ఒక్క స్తంభం ఎక్కి దిగితే అయిపోయేది. ఇండ్లల్లకు కంప్యూటర్లొచ్చినంక, ఫోను మంచిగనే ఉన్నా నెట్టు తెగుతున్నదని పిలుస్తున్నరు. మోకాళ్లు మాత్రం పాతవే.

ఇయ్యాల గూడ పిలిచిన ఇంటి కోడలు ప్రగతి ఇంట్లనే కూసోని కంప్యూటర్ కోర్సు చదువుతున్నది. ఆమె మొగడు శ్రీకాంత్ హైటెక్ సిటీల కొలువు చేస్తడు. ఆమె చదివే కంప్యూటర్ ఆయన కోఠిల అగ్గువకు బిగిపించుకొచ్చిందే. రోజూ పదకొండింటికి నెట్టు తెగుతదని ఆమె కంప్లయింటు. అంతయ్య స్తంభం మీది జాయింట్లు మార్చిండు, ఇంటి దాక కొత్త వైరు గుంజిండు. అయినా తెగుడు ఆగలే.

"ఇయ్యాల ఈడనే కూసోని చూస్తనమ్మా," అని కుర్చీల కూలబడ్డడు.

పదకొండైంది. ప్రగతి అత్త రుక్మిణమ్మ చేతులు తుడుచుకుంటూ వంటింటి గోడకున్న ఎర్ర ఫోను ఎత్తి, చెవి కాడ పెట్టుకొని, మళ్ల పెట్టేసింది.

"పోయింది అంకుల్," అన్నది ప్రగతి ముందర అర్రలకెల్లి.

అంతయ్య మెల్లగ లేచిపోయి ఆ ఫోను చూసిండు. నెట్టు నడిచే లైనుకే దీన్ని గూడ ప్యారలల్‌గ కలిపిండ్రు. మొదటిరోజే చూడాల్సింది. ఎవల మీద కోపం చెయ్యాల్నో తెల్వలే.

"దీన్నెందుకెత్తినవమ్మా?"

"షాబాద్‌ల మా చెల్లె గోపమ్మకు పానం మంచిగుంటలేదన్నా. పక్కింటోళ్ల ఫోన్‌కెల్లి పదకొండింటికి మాట్లాడేది. పది దినాలాయె, మోగుతనే లేదు. లైనున్నదో లేదోనని ఎత్తి చూస్త. లోపల ఒకటే గుయ్యిమని మోత. నంబరు కొట్టుడు నాకు రాదాయె."

"నువ్వు ఈడ ఎత్తితే ఆడ నెట్టు తెగుతదమ్మా. ఆడ నెట్టున్నంతసేపు మీ చెల్లె ఎన్నిసార్లు చేసినా ఎంగేజే."

రోజూ తెగంగనే మళ్ల కలుపుకునే ప్రగతి ఇయ్యాల వంటింటి తలుపు కాడ నిలబడి ఇదంత విన్నది.

"నాకెందుకు చెప్పలే అత్తమ్మా?"

"చదువుకుంటున్నవు గద బిడ్డా."

ప్రగతి కంప్యూటర్ బంద్ చేసి షాబాద్ నంబరు కలిపింది. అవుతలోళ్లు చెప్పింది విని, ఫోను పెట్టి, అత్త చెయ్యి పట్టుకున్నది. గోపమ్మను మొన్న చేవెళ్ల దవాఖానల చేర్పించిండ్రంట. ఈడికి ఐదారుసార్లు ఫోన్ చేసిండ్రంట.

బస్సు ఒంటిగంటకు గాని లేదు. అంతయ్య జేబుల ఇంకా మూడు కంప్లయింట్లున్నయి, మొదటిది చిల్కూరుల. చేవెళ్లకు పోవాలంటే దాని ఎదురు దిక్కు. కంప్లయింట్ల చీటీలు తీసి చూసి, మళ్ల జేబుల పెట్టుకున్నడు.

"రా అమ్మా, బండి మీద దింపుత," అన్నడు ఆఖరికి.

ప్రగతి గిన్నెల అన్నం, పప్పు కట్టిచ్చి, తను బస్సుకొస్తనన్నది.

దవాఖానల గోపమ్మ గ్లూకోజు పెట్టిన చెయ్యి కదలకుండ పండుకున్నది. పానానికి భయం లేదన్నరు గాని మనిషి సగమైంది. అక్కను చూసి మొఖం తిప్పుకున్నది.

"ఎన్నిసార్లు చేస్తిమే. ఎప్పుడు చూసినా ఎంగేజే. మాట్లాడొద్దని ఫోను తీసి పక్కన పెట్టిండ్రా?"

రుక్మిణమ్మకు కోడలి పేరెత్త బుద్ధి కాలే. తలుపు కాడున్న అంతయ్య దిక్కు చూసింది.

"మా లైనే ఖరాబున్నదమ్మా," అన్నడు అంతయ్య. "మీ అక్క రోజూ ఫోన్ కాడనే నిలబడ్డది. నాకే జాడ దొరకలే."

గోపమ్మ ఆయన దిక్కు తిరిగింది. "మంచిగ చేస్తివా మరి?"

"చేసిన."

ఆమె పక్కకు జరిగింది, మంచం మీద అక్కకు చోటైంది. అంతయ్య బయటకొచ్చి, నల్ల కింద మొఖం కడుక్కొని, చిల్కూరు తొవ్వ పట్టిండు.