ముప్పై ఆరో పేజీలో పువ్వు

నేను ఒక ప్రేమ నవలని. విజయవాడలో అచ్చయి, కాకినాడలో సినిమాహాలు వెనక సందులో ఉన్న అద్దె పుస్తకాల షాపుకు చేరాను. నా కథేమంత గొప్పది కాదు. బ్యాంకులో కొత్తగా చేరిన సుమిత్ర, పొగరుబోతు మేనేజరు, నూట ఎనభై పేజీల కీచులాట, ఆ తర్వాత వానలో "నువ్వు లేకపోతే నేను లేను" అన్న మాట. అంతే. నా అట్ట మీద వేడి చారుగిన్నెలు దించినవాళ్ళే ఆ పేజీకి వచ్చేసరికి కళ్ళొత్తుకునేవారు.

మా షాపుకొచ్చే ఆడవాళ్ళకో అలవాటుండేది. చదివిన పుస్తకమే మళ్ళీ తెచ్చుకోకుండా, ముప్పై ఆరో పేజీలో ఎవరి గుర్తు వాళ్ళు పెన్సిలుతో వేసుకునేవారు. ఒకావిడది చుక్క, ఒకావిడది శంఖం. కనకరత్నం గారిది అయిదు రేకుల పువ్వు.

ఆవిడ భర్త వీరభద్రం గారు సర్వే ఆఫీసులో పటాలు గీసి రిటైరయ్యాడు. పెళ్ళయిన నలభై ఏళ్ళలో ఆయన నోట ప్రేమ అన్న మాటే రాలేదట. "ఆ వానలో తడవడమేంటే, జలుబు చేసి చస్తారు!" అని నన్ను వెక్కిరించేవాడు. నాకు ఒళ్ళు మండేది.

ఒకరోజు ఆవిడ నన్ను ఇంటికి తీసుకెళ్ళి, ముప్పై ఆరో పేజీ తిప్పి తన పువ్వు చూసుకుంది. మొహం పాలిపోయింది.

"ఏవండీ, ఇది నేనెప్పుడు చదివానండీ? ఒక్క ముక్క గుర్తులేదే!"

అంతకు ముందు వారమే చదివింది. మతిమరుపు ముదురుతుందని డాక్టరు ఆయనకు అప్పటికే చెప్పాడు. ఆయన ఆవిడకు చెప్పలేదు. ఆవిడ రెండు రోజులు సరిగా అన్నం తినలేదు.

ఆ తర్వాత నన్ను ఆయనే షాపుకు తీసుకెళ్ళి, ఆయనే మళ్ళీ ఇంటికి తెచ్చేవాడు. నడుమ షాపు మెట్ల మీద కూర్చుని, పాత ఆఫీసు రబ్బరుతో ఆ పువ్వు చెరిపేవాడు. కాగితం నలగనిచ్చేవాడు కాదు. పటాల్లో తప్పు గీతలు చెరిపిన చెయ్యి కదా! ఇంటికెళ్ళి "ఇదిగో రత్నం, నువ్వు చదవంది" అనేవాడు. పువ్వు లేదని ఆవిడ మురిసిపోయి, చదివి, ఏడ్చి, మళ్ళీ పువ్వు వేసేది. మా సుమిత్రకు అలా పదిహేడుసార్లు కొత్తగా ప్రేమ దొరికింది. ఆయన్ని అపార్థం చేసుకున్నందుకు నాకు సిగ్గేసింది.

షాపు శాశ్వతంగా మూసేస్తుంటే ఆయన షాపువాళ్ళని అడిగి నన్ను తెచ్చుకున్నాడు. మొన్న శ్రావణంలో ఆయనకు జ్వరం వచ్చి, పువ్వు చెరపడం మరిచిపోయాడు. ఆవిడ నన్ను తీసి ఆ పేజీ తిప్పుతుంటే, మంచం మీద ఆయన ఊపిరి బిగబట్టాడు. ఆవిడ పువ్వు మీద వేలుపెట్టింది.

"ఎవరో చదివేశారండి ముందే. ఎవరోగానీ ముచ్చటగా వేసింది."

ఆయన భయపడ్డది జరగలేదు. గోడవైపు తిరిగి, ఆ పెద్దమనిషి వెక్కివెక్కి ఏడ్చాడు. జ్వరం ఎక్కువైందనుకుని ఆవిడ కంగారుపడింది.

ఇప్పుడు రబ్బరుతో పనిలేదు. ఆవిడకు అక్షరాలు కూడబలుక్కోవడం కష్టమై, ఆయనే నన్ను పైకి చదువుతున్నాడు. నిన్న వాన పేజీ దగ్గర ఆగాడు.

"చెప్పండి మరి, ఆ అబ్బాయేవన్నాడు?" అందావిడ.

ఆయన నన్ను మూసి పక్కన పెట్టాడు. ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు.

"నువ్వు లేకపోతే నేను లేను, రత్నం."

ఆవిడ మూసిన నా అట్ట వైపు చూసింది.

"ఆ పిల్ల పేరు రత్నమాండీ? అదృష్టవంతురాలు."