కుడితి గిన్నె

ప్రత్తిపాడు హైస్కూల్లో లెక్కలు చెప్పే శివరామకృష్ణ మాస్టారు రోజూ పొద్దున్నే తన పాత ఫియట్ కారుని తడిగుడ్డతో తుడుస్తాడు. డెబ్బై రెండు మోడలు, మీగడ రంగు. పిల్లల పుట్టినరోజులు మర్చిపోతాడేమో గానీ దానికి ఆయిలు మార్చే తారీఖు మర్చిపోడు.

అదే వేళకి ఆయన భార్య రచన బియ్యం కడిగిన నీళ్ళూ గంజీ సత్తుగిన్నెలో పోసి ప్రహరీ పక్కన పెడుతుంది. పక్కింటి కోటిరత్నం గేదెకి పుట్టిన పెయ్యదూడ గెంతుకుంటూ వచ్చి తాగిపోతుంది. ఆ వీధిలో ఏ ఇంటి కుడితి ఏ పశువుకో అందరికీ తెలుసు.

శ్రావణమాసంలో కారు కింద పచ్చటి నీళ్ళు కారడం మొదలైంది. నల్లపాడు నుంచి మెకానిక్ మాలిక్ వచ్చి బానెట్ ఎత్తి చూశాడు.

"రేడియేటర్ పైపు చిట్లింది మాస్టారూ. కూలెంట్ కారిపోతోంది. పాత బండి కదా, పైపు వెతికి తేవాలి, నాలుగు రోజులు పట్టుద్ది. ఈలోపు ఉన్నదంతా దించేస్తాను. అది తియ్యగా ఉంటది గానీ విషం. కుక్కలూ పిల్లులూ నాకితే చస్తాయి."

"దించడం ఎందుకులే, చుక్కలే కదా. కింద ఏదన్నా పెట్టి పట్టుకుంటాను," అన్నాడు మాస్టారు. చేతికి అందింది సత్తుగిన్నె. అదే పెట్టాడు.

మర్నాడు ఆయన తడిగుడ్డతో బయటికొచ్చేసరికి దూడ గిన్నె అడుగు నాకుతోంది. దాని మూతి పచ్చగా ఉంది. ఆయన ఏం కాదులే అనుకుని, గిన్నె కడిగి బోర్లించాడు.

సాయంత్రానికి దూడ కాళ్ళు తన్నుకుంది. పశువుల డాక్టరు వచ్చి, "ఏం తిన్నది? ఏం తాగింది?" అని అడిగాడు. మాస్టారు అక్కడే ఉన్నాడు.

"మా ఆదెయ్యన్న పత్తిచేలో మందు కొట్టాడండీ. గట్టు మీద మేసుంటది," అంది కోటిరత్నం ఏడుస్తూ. డాక్టరు పురుగుమందు విషానికే ఇంజక్షన్ చేశాడు. తెల్లారేసరికి దూడ చచ్చిపోయింది. కోటిరత్నం తోడబుట్టినవాడితో మాట మానేసింది.

గేదె పాలు ఎగబట్టింది, పొదుగు పట్టుకుంటే చుక్క రాల్చలేదు. దూడ తోలులో గడ్డి కూరి ముందు నిలబెట్టినా మోసపోలేదు. ఆ పాల మీదే కోటిరత్నం ఇల్లు నడిచేది.

దూడ పోయిన మూడోరోజు మాలిక్ కొత్త పైపు వేసి, కూలెంట్ నింపి, "హారన్ కూడా ఓసారి చూడండి," అన్నాడు. మాస్టారు నొక్కాడు. కారు దూడలా అరిచింది.

గేదె పలుపు తెంపుకుని వచ్చి, బానెట్ నాకుతూ నిలబడి పొదుగులోకి పాలు చేపింది. కోటిరత్నం బకెట్ పట్టుకుని పరుగున వచ్చి ముందు చక్రం పక్కన గొంతుక్కూర్చుంది. మాలిక్ వంగి కారు కిందకి చూసి, "ఇక చుక్క కారదు," అన్నాడు.

"రోజూ ఆరింటికి ఓసారి నొక్కండి మాస్టారూ. మీ పిల్లలు చల్లగా ఉండాలి," అంది కోటిరత్నం. పాలకేంద్రంలో వెన్న శాతం బాగుందన్నారు, అంతే.

ఆమె రోజూ ఒక చెంబెడు పాలు మాస్టారింట్లో ఇచ్చి వెళ్ళేది. రచన కాఫీ కలిపి ఇస్తే ఆయన ముట్టేవాడు కాదు. హారన్ నొక్కిన ప్రతిసారీ ఆ పచ్చటి మూతి కనిపించేది. సిగ్గుతో చచ్చిపోయేవాడు, కానీ చెప్పలేకపోయేవాడు.

తొమ్మిదోరోజు పొద్దున ఆదెయ్య మందు ట్యాంకు వీపున వేసుకుని అటుగా వచ్చి ఆగాడు. "నేను ఆ వారం గట్టు దగ్గర కొట్టనే లేదమ్మా," అన్నాడు. కోటిరత్నం మొహం తిప్పుకుంది. గేదె ఎదురుచూస్తోంది. మాస్టారు హారన్ మీద చెయ్యి తీసేసి కారు దిగాడు.

"కోటిరత్నమ్మా, దూడని చంపింది నేను. కుడితి గిన్నెలో విషం పట్టాను. అది తాగడం చూశాను. డాక్టర్ అడిగినప్పుడు చెప్పుంటే బతికేదేమో. చెప్పలేదు."

ఆమె ఇంట్లోకి వెళ్ళి, మువ్వలున్న దూడ పలుపు తెచ్చి కారు ముందు బంపరుకి కట్టింది.

"తొయ్యండి," అంది.

"ఎక్కడికమ్మా?"

"మా కొట్టంలోకి. దూడ నాది."

మాస్టారు తోశాడు. చక్రం పేడలో దిగబడింది. ఆదెయ్య ట్యాంకు దించి భుజం ఆనించాడు. కారు కొట్టంలో నిలిచాక కోటిరత్నం పలుపుని గుంజకి ముడేసి, "అన్నా, కాఫీ తాగి వెళ్ళు," అంది. మాస్టారుతో ఏమీ అనలేదు. ఈ రోజుకీ అనలేదు.

ఇప్పుడు మాస్టారు బడికి బస్సులో వెళ్తాడు. పొద్దున ఆరింటికి సత్తుగిన్నె పట్టుకుని కొట్టానికి వెళ్ళి, హారన్ నొక్కి, పాలు తీయడం అయ్యేదాకా ఓ పక్కన నిలబడతాడు. తర్వాత కుడితి గేదె ముందు పెడతాడు. పెట్టేముందు, ఎవరూ చెప్పకుండానే, అందులోంచి ఒక గుక్క తాగుతాడు.