కణితులు బెదరని సాయంత్రం

నేను ఒక మంచెను. జొన్నచేలో పిట్టల్ని తోలడానికి వేసే మంచెను కాను. నల్లమల అడవిలో, ఒక నల్లమద్ది చెట్టు పంగల మధ్య, నేలకు మూడు నిలువుల ఎత్తున కట్టిన వేట మంచెను. నాకెదురుగా యాభై అడుగుల దూరంలో ఒక చెలమ ఉంది. రోహిణి ఎండల్లో కూడా అది ఎండిపోగా నేను చూడలేదు. చెలమ వెనక గుట్ట. పగలంతా కణితులు ఆ గుట్ట మీది నీడల్లో పడుకుని, సాయంత్రం దిగి వచ్చి నీళ్లు తాగుతాయి. కణితి అంటే ఒక జాతి అడవి జింక, దుప్పి కంటే పెద్దది, దుప్పి కంటే అనుమానం మనిషి. మనిషి అన్నది నోరు జారి కాదు. ఇన్నేళ్లుగా పై నుంచి రెండు జాతుల్నీ చూస్తున్నాను కాబట్టి ఆ మాట అనే హక్కు నాకుంది.

నన్ను కట్టినవాడు నెమలిపెంట అనే చెంచుగూడెం మనిషి ఈదన్న. అప్పటికి పాతికేళ్లవాడు. మూడు నారేప చెట్టు దూలాలు చెక్కి పంగల్లో ఇరికించాడు. పైన వెదురు పరిచి, నారతో బిగించి, ఒక నిచ్చెన ఆనించాడు. కట్టించినవారు మైదానంలోని పొగాకు వర్తకుడు సోమరాజు గారు. లైసెన్సు ఉంటే వేటాడవచ్చన్న రోజులవి. సోమరాజు గారికి లైసెన్సు ఉంది, రెండు గొట్టాల తుపాకీ ఉంది, కొత్త బూట్లు ఉన్నాయి. ఓపిక ఒక్కటే లేదు.

ఆయన మధ్యాహ్నం భోజనం ముగించుకుని మూడు గంటలకు జీపులో వచ్చేవారు. జీపు దాదాపు నా కిందికే వచ్చి ఆగేది. తలకు రాసుకున్న సంపెంగ నూనె వాసన ఆయన కంటే ముందే నిచ్చెన ఎక్కేది. వెనకే టిఫిను కేరియరు, దాని గిన్నెల చప్పుడు. గుట్ట మీద ఒక ముసలి కణితి "ఢాంక్" అని ఒక్క అరుపు అరిచేది. అంతే, ఆ వేళకు అడవిలో ఉన్న చెవులన్నీ నిక్కబొడుచుకునేవి. సోమరాజు గారు చీకటి పడేదాకా కూర్చుని, పులిహోర తిని, ఈ అడవిలో జంతువులు లేవని తీర్మానించి దిగిపోయేవారు. జీపు వాగు అవతల ఆపి, పొద్దున్నే చల్లటి వేళ నడిచి రమ్మని ఈదన్న రెండుసార్లు చెప్పి చూశాడు. తెల్లవారుజామున లేవడం తన ఒంటికి పడదన్నారాయన. ఆరు వేసవులు వచ్చారు. ఒక్క తూటా పేల్చే అవసరం రాలేదు. అయినా ఆయన హాల్లో గోడకు పెద్ద కణితి కొమ్ములు ఉండేవని, అవి సంతలో కొన్నవని, డ్రైవరు ఒకనాడు నా కింద నిలబడి ఈదన్నకు చెబుతుంటే విన్నాను.

తరవాత వేట నిషేధం వచ్చింది. సోమరాజు గారు రావడం మానేశారు. నా మీద కొండముచ్చులు పడుకున్నాయి. ఒక ఏడు తేనెటీగలు పట్టు పెట్టాయి. ఈదన్న మాత్రం ఏడాదికోసారి వచ్చి, కుళ్లిన వెదురు తీసి కొత్తది పరిచేవాడు. ఎందుకు చేసేవాడో ఎవరికీ చెప్పలేదు. తన చేతి పని పాడైపోతుంటే చూడలేని మనిషి. అతని వెంట కూతురు బయమ్మ వచ్చేది. తండ్రీ కూతుళ్లు మాట్లాడుకోవడం నేను విన్నది తక్కువ. అతను వేలితో చూపేవాడు, ఆమె చూసేది. గాలి ఎటు వీస్తుందో, కొండముచ్చు ఎటు చూస్తుందో, ఏ ఆకు మీద కాలు పెడితే పగులుతుందో ఆమెకు అలాగే వచ్చాయి.

కొంతకాలానికి అటవీశాఖవాళ్లు నాకు తారు పూసి, ఒక రేకు కొట్టి, "మంచె నం. 7" అని రాశారు. వేటగాళ్ల బదులు లెక్కగాళ్లు రావడం మొదలైంది. ప్రతి వేసవిలో చెలమ దగ్గర కూర్చుని ఎన్ని జంతువులు నీళ్లకు వచ్చాయో రాసుకోవాలి. రేంజరు ఫణిభూషణం నిజాయితీ గల మనిషి. చూడనిది రాయడు. కాకపోతే ఆయన కూడా మూడు గంటలకే వచ్చేవాడు, జీపులోనే వచ్చేవాడు. ఎండ వేళ గాలి లోయలోంచి గుట్ట మీదికి ఎక్కుతుంది. ఆయన జీపు పొగా, చెమటా, సబ్బు వాసనా ఆ గాలి మీదెక్కి నేరుగా కణితుల ముక్కుల్లోకి పోయేవి. మొదటి ఏడు సున్నా రాశాడు. రెండో ఏడు సున్నా. మూడో ఏడూ సున్నాయే. జీపు వెళ్లిన రెండో రోజున కణితులు వచ్చి చెలమలో మూతులు ముంచేవి. నేను చూసేదాన్ని. నా సాక్ష్యం ఎవరడిగారు?

మూడు సున్నాలకు కారణం కావాలి కదా. కణితుల్ని నెమలిపెంట చెంచులే కొట్టి తిన్నారని పై అధికారుల నుంచి ఒక మాట వచ్చింది. పెంటలో ఉన్నవి తొమ్మిది గుడిసెలు. వాటిని అడవి బయటికి తరలించాలని కాగితం కదిలింది. ఈదన్న పేరు అందులో మొదట ఉంది. ఎందుకంటే మంచె కట్టినవాడు అతనే. అతని విల్లూ అమ్ములూ పట్టుకుపోయారు. అరవై ఏళ్లకు దగ్గరపడిన మనిషి, చేతిలో విల్లు లేకుండా నా కిందికి వచ్చి, మద్ది మొదట్లో కూర్చుని, లేచి వెళ్లిపోయాడు. అప్పుడు అతని నడక బరువెక్కిందని నాకు తెలిసింది.

ఆ ఏడు చలికాలం చివర, జిల్లాకు కొత్తగా వచ్చిన పెద్ద అధికారి సుగుణావతి గారు ఆ కాగితం మీద సంతకం పెట్టే ముందు చోటు చూడాలని వచ్చారు. వెంట ఫణిభూషణం. వాళ్లు నా కింద నిలబడి మాట్లాడుతుండగా బయమ్మ వచ్చింది. అప్పటికామె శాఖలోనే అడవి మంటల కాలంలో కాపలా పని చేస్తోంది. ముప్పై ఏళ్ల మనిషి, పెద్దగా మాట్లాడే అలవాటు లేదు. చెలమ ఒడ్డున అడుగులు చూపింది. అవి పెంట ఆవులవి కావచ్చని రేంజరు అన్నాడు. ఆమె వాదించలేదు. నేరుగా అధికారి ఎదుటికి వెళ్లి నిలబడి చెప్పింది.

"అవి ఉన్నాయమ్మా. మీరొచ్చే పొద్దుకు రావు. నేను చెప్పిన పొద్దుకు, చెప్పిన దారిన ఒక్క తూరి రాండి. అప్పుడు కూడా కనపడకపోతే మా నాయనను తీసుకపోండి. నేను అడ్డం రాను."

సుగుణావతి గారు ఆమెకు నెల రోజులు గడువిచ్చారు.

ఆ నెల రోజుల్లో బయమ్మ చేసిన పని ఇంకెవరూ చూడలేదు, నేను చూశాను. ఆకు రాలే కాలం అది. అడుగు వేస్తే అప్పడాల చప్పుడు. వాగు మలుపు నుంచి మద్ది మొదలు దాకా మూరెడు వెడల్పున దారి ఊడ్చింది. మూడు రోజులకోసారి మళ్లీ రాలేవి, మళ్లీ ఊడ్చేది. బట్టకు తగిలి బరుక్కుమనే ముళ్ల కొమ్మలు విరిచింది. నా నిచ్చెన మెట్లు ఒక్కొక్కటీ తొక్కి చూసి, కిర్రుమన్న రెండింటిని మార్చి, అన్నిటికీ నార చుట్టింది. ఊడ్చేటప్పుడు కూడా చల్లటి వేళే వచ్చేది, ఎండ గుట్ట మీద పడేలోపు వెళ్లిపోయేది. ఆమె చెప్పబోయే సంగతి మొత్తం అందులోనే ఉంది. రాత్రి చల్లబడ్డ గాలి గుట్ట మీది నుంచి లోయలోకి జారుతుంది. అది జారుతున్నంతసేపు లోయ వైపు నుంచి వచ్చేవాడి వాసన వెనక్కే పోతుంది. ఎండ తగిలాక గాలి తిరగబడుతుంది; అప్పటికే మంచె ఎక్కి కదలకుండా ఉన్నవాడి వాసన మాత్రం చెట్ల తలల మీదుగా పోతుంది. కాబట్టి పొద్దున్నే వచ్చి ఎక్కాలి, పగలంతా కదలకుండా కూర్చోవాలి, ఎండ దిగి గాలి మళ్లీ కిందికి జారే వేళ కణితుల కోసం చూడాలి.

గడువు రోజు వచ్చింది. సూర్యోదయానికి వాళ్లు వాగు మలుపు దగ్గర కనిపించాలి. కనిపించలేదు. దారిలో జీపు చక్రం గాలి పోయిందట, ఆ సంగతి తరవాత తెలిసింది. గుట్ట నెత్తిన బండ ఎర్రబడింది. ఎండ కిందికి దిగడం మొదలెట్టింది. మద్ది ఆకులు అంతవరకు లోయ వైపు ఊగుతున్నవి, ఊగడం మానేసి తటపటాయించాయి. అప్పుడు వచ్చారు ముగ్గురు. ముందు బయమ్మ, గాజులు గలగలమనకుండా ముంజేతులకు గుడ్డ చుట్టుకుని. వెనక సుగుణావతి గారు, మెడలో, చేతులకు ఏ నగా లేకుండా. చివర ఫణిభూషణం, నీళ్ల సీసాకు తువ్వాలు చుట్టి పట్టుకుని. ముగ్గురూ సబ్బు ముట్టకుండా వాగు నీళ్లతో స్నానం చేసి వచ్చినట్టున్నారు, ఏ వాసనా రాలేదు.

నాకు రెండు వందల అడుగుల దూరంలో బయమ్మ ఆగింది. కొంగు ముడి విప్పి చిటికెడు బూడిద తీసి వదిలింది. బూడిద ఒక క్షణం అక్కడే నిలిచి, మెల్లగా గుట్ట వైపు కదిలింది. ఆమె అరచెయ్యి పైకెత్తింది. వెనక ఇద్దరూ నిలిచిపోయారు. నెల రోజులు ఊడ్చిన దారి ఎదురుగా ఉంది, నేను కనిపిస్తున్నాను, గట్టిగా నడిస్తే ఒక్క నిమిషం. రేంజరు ఆ దారి వైపు చూపించాడు. ఆమె తల అడ్డంగా ఊపి, వాళ్లను వెనక్కి తిప్పింది. ఊడ్చిన దారి వదిలేసి వాగులోకి దించింది.

ఎండిన వాగు అది. రెండు వైపులా నిలువెత్తు గట్లు. ఎండ ఇంకా అందులోకి దిగలేదు, చల్లగాలి ఇంకా కిందికే జారుతోంది. గంటసేపు నాకు వాళ్లు కనబడలేదు. కనబడేసరికి ముగ్గురూ ఇసుక మీద వంగి నడుస్తున్నారు. అక్కడే ఒక తీతువు గుడ్ల మీద కూర్చుని ఉంది. తీతువు అరిస్తే గుట్ట వింటుంది. బయమ్మను చూసి పిట్ట లేచి నిలబడింది. బయమ్మ నిలబడలేదు. ఉన్న చోటే కూలబడి, పిట్ట వంక చూడకుండా, పక్కనున్న ఎండు పుల్లలు ఒక్కొక్కటే ఏరుకోసాగింది. రెండు పుల్లలు ఏరడం, కాస్త పక్కకు జరగడం, మళ్లీ కూర్చోవడం. కట్టెలకు వచ్చిన ఆడమనిషి అనుకుందో ఏమో, తీతువు కాసేపు అటూ ఇటూ నడిచి తిరిగి గుడ్ల మీద కూర్చుంది. వెనక ఇద్దరూ ఆమె చేసినట్టే చేశారు. జిల్లా అధికారి పుల్లలు ఏరుతూ చంటిపిల్లలా జరిగి రావడం నేను కళ్లారా చూశాను.

వాగు దాటాక పది గజాలు గులకరాళ్లు. ఫణిభూషణం మొదటి అడుగుకే బూటు కింద రాయి కరకరలాడింది. అతను ఆగి, ఎవరూ చెప్పకుండానే వంగి, బూట్లు విప్పి, లేసులు ముడేసి మెడకు తగిలించుకున్నాడు. తొడుగు లేని ఆ మెత్తటి పాదాలకు రాళ్లు ఎంత గుచ్చుకున్నాయో అతని మొహమే చెప్పింది. శబ్దం మాత్రం రాలేదు.

నార చుట్టిన మెట్లు మూగగా ముగ్గుర్నీ పైకి పంపాయి. తరవాత పగలంతా కూర్చోవడమే. చీమలు పాకాయి. రేంజరు కాలు తిమ్మిరెక్కి, పంటి బిగువున కూర్చున్నాడు. మధ్యాహ్నం అడవికోళ్లు వచ్చి నా కిందే గీరుకుని పోయాయి. మూడు గంటలైంది, జీపు వచ్చే వేళ. గుట్ట మీద ఒక్క అరుపు లేదు. మూడు దాటింది, నాలుగు దాటింది. ఎండ పచ్చబడింది. సుగుణావతి గారి నుదుటి మీది వెంట్రుకలు గుట్ట వైపు నుంచి వచ్చిన గాలికి వెనక్కి కదిలాయి. బయమ్మ చిన్నగా ఊపిరి వదిలింది.

మొదట ఒక ముసలి ఆడకణితి వచ్చింది. పొదల అంచున నిలిచి, ఒక కాలు ఎత్తి, చెవులు నాలుగు వైపులకూ తిప్పింది. నేను ముప్పై ఏళ్లుగా ఎరిగిన కణితి జాతి అంతా ఆ ఒక్క కాలిలో ఆగి ఉంది. కాలు కింద పెట్టింది. నీళ్ల దాకా నడిచి మూతి ముంచింది. దాని వెనక రెండు, ఆ వెనక పిల్లతల్లులు, ఒంటి మీద బురద ఎండిన దూడలు. రేంజరు వేళ్లు మడిచి లెక్కపెడుతూ, వేళ్లు అయిపోయి మళ్లీ మొదలెట్టాడు. చివరన మూడు శాఖల కొమ్ములున్న మగది దిగి, చెలమ పక్క బురదలో హాయిగా పొర్లింది. మొత్తం పందొమ్మిది. ఒక దూడ నా కిందికే వచ్చి మద్ది మొదలుకు మెడ రుద్దుకుంది. మిగిలిన ఇద్దరూ కణితుల్ని చూస్తున్నారు. బయమ్మ మాత్రం ఆ ముసలిదాని చెవుల్ని తప్ప దేన్నీ చూడలేదు.

రేంజరు లేవబోతే బయమ్మ అతని మోకాలి మీద చెయ్యి వేసి ఆపింది. ఇప్పుడు దిగితే ఈ చెలమ మీద వాటికి మళ్లీ నమ్మకం పోతుంది. చిట్టచివరి కణితి తాగి, గడ్డి మేసుకుంటూ లోయలోకి సాగిపోయేదాకా ఎవరూ కదలలేదు. అప్పుడు ఫణిభూషణం ఉదయం నుంచి మొదటిసారి నోరు విప్పాడు.

"అమ్మా, మూడేళ్లు నేను తప్పు రాశాను" అన్నాడు అధికారితో.

దిగాక కాదు, నా మీదే కూర్చుని, మోకాళ్ల మీద కాగితం పెట్టుకుని, మిగిలిన వెలుతురులో మళ్లీ రాశాడు. ఎప్పుడు వచ్చారు, ఏ దారిన వచ్చారు, పాత లెక్కలు ఎందుకు చెల్లవు, అన్నీ. కాగితం అడుగున మిగతా ఇద్దరూ సంతకాలు చేశారు. తరలింపు కాగితం అక్కడితో ఆగిందని సుగుణావతి గారు చెప్పారు. వచ్చే వేసవి నుంచి లెక్కకు వచ్చే ప్రతివాడికీ ముందుగా నడక నేర్పే పని బయమ్మదని కూడా చెప్పారు.

మూడో రోజు పొద్దున్నే, చల్లటి వేళ, ఫణిభూషణం జీపు వాగు అవతల ఆపి నడిచి వచ్చాడు. చేతిలో ఈదన్న విల్లు, అమ్ములు. నా కింద ఈదన్న, బయమ్మ, పెంటలోని మరో పదిమంది ఉన్నారు. రేంజరు రెండు చేతులతో విల్లు అందించి వెళ్లిపోయాడు. పెంటవాళ్లు గుండ్రంగా కూర్చుని ఆనాటి సంగతి మొదట్నించీ చెప్పమన్నారు. బయమ్మ చెప్పింది. బూడిద దగ్గర వాళ్లు ఊపిరి బిగబట్టారు. అధికారి పుల్లలు ఏరిన దగ్గర ఆడవాళ్లు పడి పడి నవ్వారు. ఈదన్న ఒక్కడే నవ్వకుండా విన్నాడు.

"ముసలిది చెవి ఎన్ని తూర్లు తిప్పింది?" అని అడిగాడు.

"వచ్చినప్పుడు తిప్పింది నాయనా. మూతి ముంచినాక తిప్పలేదు."

ఈదన్న చెలమ వైపు, గుట్ట వైపు, వాగు వైపు చూశాడు. దూరాలు కొలుచుకుంటున్నాడని నాకు తెలుసు. ఈ అడవిలో అతనంత మెత్తగా నడిచినవాడు లేడని పెంటంతా చెప్పుకుంటుంది. అతను కూడా అదే నమ్మాడు ఆ పొద్దుటిదాకా.

"ఇద్దర్ని ఎంట తెచ్చి, అందులో ఒకడు బూట్లవాడు" అన్నాడు నెమ్మదిగా. "నేను తెచ్చుంటే అది ఒక్కతూరన్నా చెవి తిప్పేది బిడ్డా."