ఉద్యమానికి రెండు గాజులు

శివనాగరాజు గీసే పెద్ద బొమ్మలకి గుడ్డ మీద కొలత గళ్ళు కొట్టేది భార్య గౌతమే. పొయ్యి మీద పప్పు పడేసి వచ్చి, సుద్ద రాసిన దారం ఒక కొస మేకుకి చుట్టి, రెండో కొస కాలివేలితో తొక్కిపెట్టి ఠప్పున కొడుతుంది. తెనాలిలో పని నేర్చుకొచ్చిన ఆర్టిస్టని రేపల్లెలో ఆయనకి మంచి పేరు. గళ్ళు రంగుల కిందకి వెళ్ళిపోతాయి.

ఈసారి బొమ్మ రేపల్లె జిల్లా సాధన సభ స్టేజీకి. ఏదో పుస్తకంలోని పాత ఫ్రాన్సు బొమ్మ. తెల్లటి స్తంభాల మధ్య ఆడవాళ్ళు దేశం కోసం నగలు ఒలిచి ఇస్తున్నారు, మగవాళ్ళు కూర్చుని పుచ్చుకుంటున్నారు. అంచున ఒక పిల్ల తన చేతి కడియాన్ని రెండో చేత్తో పట్టుకుని ఉంది. తీస్తోందో, తియ్యనివ్వడం లేదో గౌతమికి తెలియలేదు.

సభ రోజు పొద్దున అత్తగారు వరమ్మ వచ్చి, "పట్టుచీర కట్టుకో. ఉద్యమానికి మొట్టమొదట నువ్వే గాజులు తీసిస్తావని వాడు మీటింగులో మాటిచ్చాడంట. ఒకటే చప్పట్లంట!" అంది.

అవి గౌతమి అమ్మ గాజులు. పుట్టిల్లు నగరం ఊళ్ళో చివరిరోజుల్లో మంచం మీద నుంచే అమ్మ తన చేతివి తీసి ఈమె చేతికి తొడిగింది.

"నాకు చెప్పలేదేంటండీ?" అంది గౌతమి.

"నువ్వు కాదంటావా ఏంటి?" భర్త నవ్వాడు. "ఆ బొమ్మలో వాళ్ళు ఇట్టా ఆరాలు తీసుంటే విప్లవం వచ్చేదేనా?"

"ఊరి కోసం ఇవ్వడానికి ఆ ఏడుపుమొహమేంటే? వాడు మళ్ళీ చేయిస్తాళ్ళే," అంది వరమ్మ.

గౌతమి దేవుడి దగ్గర దీపం పెట్టింది. ఎవరి మొక్కు వాళ్ళు తీర్చుకుంటేనే కదా అమ్మవారికైనా చెల్లేది, ఒకరు మొక్కితే ఇంకొకరి చెయ్యి బోసిపోవడం ఏ భక్తి అనుకుంది. గౌతమి లేచి రెండు గాజులూ తీసి భర్త చేతిలో పెట్టింది.

"మీరే ఇచ్చేయండి. నేను రాను."

"రాకపోతే ఎట్టా? స్టేజీ మీద నా పరువేం కాను?"

"పెన్షన్ కాయితాల కోసం జిల్లా ఆఫీసుకి బాపట్ల వెళ్తుంటే అమ్మ బస్సులో నా ఒళ్ళోనే సొమ్మసిల్లిందండి. మన జిల్లా మనకి రావాలని ఆ రోజు నుంచీ దీపం పెట్టినప్పుడల్లా దణ్ణం పెట్టుకుంటున్నా," అంది గౌతమి. "అడిగుంటే ఇచ్చేదాన్నేనండి."